తోడల్లుళ్ళ దీవి

మార్చి 2

ఈ రోజు జైలు చూడ్డానికి వచ్చిన జనం ముందు మా తోడల్లుడు పిట్టలదొర నా పరువు తీశాడు.

మూడో నంబరు గది ముందు నిలబడి ఎప్పటిలాగే చెబుతున్నాను. ఈ గదిలో ఒక ఖైదీ ఏళ్ళ తరబడి ఒంటరిగా మగ్గాడు, కిటికీ సందులో గూడు పెట్టుకున్న పిట్టకు తన రొట్టెలో సగం పెట్టేవాడు, అతను పోయిన రోజు ఆ పిట్ట జైలు చుట్టూ అరుస్తూ తిరిగింది అని. ఒక పెద్దావిడ రుమాలు తీసి కళ్ళు ఒత్తుకుంటోంది. సరిగ్గా అప్పుడు వెనకనుంచి దొరవారి గొంతు.

"అన్నయ్యా, ఏమీ అనుకోకండి. ఈ పిట్టలు రొట్టె తినవు. చేపలే తింటాయి. గూడు కూడా కట్టవు, రాతి బొరియలో గుడ్డు పెట్టుకుంటాయి."

జనం నవ్వారు. పెద్దావిడ రుమాలు మడిచి సంచిలో పెట్టేసుకుంది. ఆ తర్వాత నేను ఏం చెప్పినా అందరూ అతని మొహం చూశారు, ఇది నిజమేనా అన్నట్టు.

ఈ ఉద్యోగం అతనికి ఇప్పించింది నేనే. మరదలి మొగుడు ఖాళీగా కూర్చున్నాడు, పిట్టలంటే పిచ్చి, దీవి మీద పిట్టలకు కాపలా కావాలట అని ఆఫీసు చుట్టూ తిరిగింది నేను. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. ఈ రాయి మీద ఉండేది మేమిద్దరమే. నేను జైలు చూపిస్తాను, అతను పిట్టలను చూసుకుంటాడు. ఉండడానికి పాత వార్డరు క్వార్టరులో చెరో గది. వంటిల్లు ఒకటే.

మార్చి 3

పొయ్యి మీద అతని పాలు పొంగిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. నావి కావు.

మార్చి 9

ఆఫీసు మేడమ్ వచ్చింది. గాలికి చీర కొంగు ఎగిరిపోకుండా నడుముకు దోపుకుని, దీవి మొత్తం చుట్టేసింది. జైలు చూసింది. ఉత్తరపు కొండచరియ మీద బొరియ పిట్టలను చూసింది. అప్పుడప్పుడే వచ్చి జతలు కడుతున్నాయి, ఆ గోలలో మేడమ్ మాట మాకు వినపడక రెండుసార్లు చెప్పించుకున్నాం.

"ఇంత చిన్న రాయికి రెండు పోస్టులెందుకయ్యా? వచ్చే ఏడాదినుంచి ఒక్కరే. ఆ ఒక్కరూ జైలూ చూపించాలి, పిట్టల్నీ చూసుకోవాలి. మీలో ఎవరన్నది సీజన్ అయ్యాక చెప్తాను."

ఇద్దరం నవ్వాం. పెళ్ళిలో ఫొటోకు నవ్వినట్టు.

భోజనాల దగ్గర అతను అన్నాడు: "మీరు సీనియర్ అన్నయ్యా. మీకే ఇస్తారులెండి. నేను ఇంకేదో చూసుకుంటాను."

ఈ వినయమే నాకు ఒళ్ళు మండిస్తుంది. తిట్టినా బాగుండును.

మార్చి 10

లైట్‌హౌస్ మెట్ల మీద తప్ప ఫోను పలకదు. అక్కడినుంచి మా ఆవిడకు చెప్పాను, ఒక్క పోస్టే ఉంటుందట అని. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు కాబట్టి గొంతు తగ్గించి మాట్లాడింది.

"మరిదిగారికే వస్తే ఏమవుతుంది? ఇల్లొకటే కదా."

"ఇల్లొకటే. నేనూ అతనూ ఒకటి కాదు."

"ఆయన మీ గురించి ఎంత బాగా చెప్తారో తెలుసా? అన్నయ్య కథ చెబుతుంటే రాళ్ళు కూడా వింటాయి అన్నారట చెల్లితో."

కథ అన్నాడు. చరిత్ర అనలేదు. మా ఆవిడకు ఆ తేడా తెలియలేదు.

మార్చి 17

నా పెట్టెలు వచ్చాయి. జైలు మ్యూజియం గదికి కొత్త బోర్డులు, అద్దాల ఫ్రేములు. ఏడాదిగా అడిగితే ఇప్పటికి పంపారు.

ఇక్కడొక రూలు ఉంది. పడవ దిగిన ప్రతి వస్తువునూ రేవు పక్కన రేకు తలుపుల గదిలో పెట్టి, తలుపు మూసి, అప్పుడు విప్పి చూడాలి. ఎలుక రాకూడదు, చీమ రాకూడదు. చూసేది పిట్టలదొర. అతను చూసి సరే అంటేనే పైకి తీసుకెళ్ళాలి. ఈ రాయి మీద ఎలుక అన్నది ఎప్పుడూ లేదట, అందుకే పిట్టలు నేలలో గుడ్డు పెట్టేంత అమాయకంగా ఉన్నాయట. వచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతాడు.

పడవ నడిపే ఆవిడ తాడు కడుతూ అంది: "గోదాములో నెల్రోజులు పడున్నాయివి. జాగ్రత్తగా చూసి విప్పండి."

దొరవారు ఉత్తరపు చరియ మీద ఉన్నారు. పడవ కూలీని ఒకణ్ణి పంపాను. పిట్టల జతలు చూసుకుంటున్నాను, కాసేపు ఆగమనండి అని కబురు వచ్చింది. కాసేపు ఆగాను. ఎండ మాడ్చేస్తోంది. నా పెట్టెలు విప్పడానికి నేను అతని కోసం కావలి కాయాలా? పడవ కూలీలిద్దరి చేత తిన్నగా జైల్లోకి మోయించాను.

సాయంత్రం వచ్చి అడిగాడు. "పెట్టెలు విప్పి చూశారా అన్నయ్యా?"

"చూశాను."

"రేకు గదిలోనేనా?"

"మరెక్కడ?"

"ఏమీ లేదు కదా?"

"ఏముంటుంది? నీ పిట్టల రెట్ట తప్ప ఈ రాయి మీద ఏముంది?"

నవ్వాడు. ఇంకా విప్పలేదు. రేపు విప్పుతాను.

మార్చి 18

బోర్డులు బాగున్నాయి. ఒక పెట్టె అడుగున గడ్డి చిన్న చిన్న ముక్కలై, మెత్తగా, గిన్నెలా గుంట పడి ఉంది. ప్యాకింగ్ వాళ్ళకు శ్రద్ధ లేదు.

మార్చి 22

మ్యూజియం గదిలో గోడవారగా మిరియాల్లాంటివి. జనం ఏవేవో తింటూ వస్తారు. ఊడ్చేశాను.

మార్చి 23

సబ్బు కొరికి ఉంది. పీత అయి ఉంటుంది. పీతలు సబ్బు తింటాయా అని పిట్టలదొరను అడిగితే చెబుతాడు. అడగను.

మార్చి 26

మధ్యాహ్నం పడవ వెళ్ళిపోయాక అయిదో గది తలుపు మూద్దామని వెళ్ళాను. గోడ మూల తూములోకి ఏదో జారింది. తోక కనిపించింది. పీతలకు తోక ఉండదు.

ఆలోచించాను. ఇప్పుడు చెబితే, పెట్టెలు రేకు గదిలో విప్పలేదన్నది బయటపడుతుంది. అతను ఏమీ అనడు. అన్నయ్యా అని మాత్రం అంటాడు. ఆఫీసుకు మాత్రం తెలుస్తుంది, ఉద్యోగం అతనిది అవుతుంది.

ఒక్క ఎలుక. ఇంత మనిషిని, ఒక్క ఎలుకను చంపలేనా?

మార్చి 29

బోను తెమ్మని పడవావిడకు చెప్పాను.

"దీవి మీద ఎలుకల బోనెందుకండీ?"

"మ్యూజియంలో పెట్టడానికి. అప్పట్లో ఖైదీలు ఎలుకల్ని ఎలా పట్టేవాళ్ళో చూపించడానికి."

"ఎలుకలే లేని దీవిలో ఖైదీలు ఎలుకలు పట్టేవాళ్ళా?" అని చాలాసేపు నా మొహం చూసింది. నోటి నిండా నవ్వు పెట్టుకుని, "మీరు చెప్పే కథలకి హద్దు లేదండీ బాబూ" అంది. తెస్తానంది.

ఏప్రిల్ 2

పడింది! నీళ్ళ బకెట్లో బోనుతో సహా ముంచాను. కాసేపు గిలగిలలాడింది. పొట్ట కింద రొమ్ములు ఉబ్బి వేలాడుతున్నాయి. ముసలిది కాబోలు. పడమటి రాళ్ళ మీదనుంచి సముద్రంలోకి విసిరేశాను.

అయిపోయింది. పీడ విరగడైంది. ఎవరికీ ఏమీ తెలియలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. ఇంత చిన్నదానికి వారం రోజులు తిండి సహించలేదు నాకు. బోను కడిగి, నిజంగానే మ్యూజియంలో పెట్టాను. కింద చీటీ కూడా రాశాను. జనం ఆగి చూస్తున్నారు.

ఏప్రిల్ 6

పిట్టలు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయట. పిట్టలదొర చిన్నపిల్లాడిలా పరుగెత్తుకుంటూ వచ్చాడు. జతకు ఒక్క గుడ్డే, ఏడాదికి ఒక్కసారే. అది పోతే ఆ ఏడాదికి ఇక లేదు. ఇదంతా నాకు కంఠతా వచ్చు, అయినా మళ్ళీ చెప్పాడు. మంచిదన్నాను. మనసు బాగుంది కాబట్టి అన్నాను.

ఏప్రిల్ 20

అరచేతిలో గుడ్డు పెంకు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"చూడండన్నయ్యా. తూర్పు వరుసలో బొరియలు బొరియలే ఖాళీ. పెంకులు బయట పడి ఉన్నాయి."

"ఏం తిన్నట్టు?"

"పెద్ద తెల్ల పిట్టలేమో అనుకుంటున్నాను. అవి దొంగవి. కానీ బొరియలోపలికి తల దూర్చి ఎలా తీస్తున్నాయో అర్థం కావట్లేదు."

"అవే అయ్యుంటాయి" అన్నాను.

నేను అబద్ధం చెప్పలేదు. అవే అన్లేదు. అయ్యుంటాయి అన్నాను.

ఏప్రిల్ 24

పొద్దుటినుంచి చరియ మీద నిలబడి దుప్పటి ఊపుతున్నాడు, తెల్ల పిట్టలు వాలకుండా. జనం నా జైలు వదిలేసి అతన్ని చూసి నవ్వుకున్నారు. ఒకాయన అడిగాడు, ఆయనకేమైనా మతి చలించిందా అని. "కొత్తగా వచ్చినప్పటినుంచీ అంతేనండి" అన్నాను. బాగా నవ్వారు. చాలా రోజుల తర్వాత నా మాటకు నవ్వారు.

అతని మెడ ఎండకు కమిలి నల్లబడింది.

ఏప్రిల్ 25

అయిదో గది తూము దగ్గర మళ్ళీ మిరియాలు. చిన్నవి.

చిన్నవి.

ఏప్రిల్ 28

ఇప్పుడు చెప్పినా మించిపోయింది లేదు. రేపు చెబుతాను.

ఏప్రిల్ 29

అలలు ఎక్కువగా ఉన్నాయని పడవ రాలేదు. ఇలాంటి రోజున చెబితే ఏం లాభం?

ఏప్రిల్ 30

అన్నం తింటూ, "నిద్ర పట్టట్లేదన్నయ్యా, మీ దగ్గర మాత్ర ఏమైనా ఉందా" అని అడిగాడు. లేదన్నాను. ఉంది.

మే 3

మిగిలిన గుడ్లలో కొన్ని పిల్లలయ్యాయి. ఈ రోజు మధ్యాహ్నం ఒక పిల్లను తెచ్చి బల్ల మీద పెట్టాడు. బూడిదరంగు నూగు. పిడికిలంత కూడా లేదు. మెడ దగ్గర కొరికి ఉంది.

"ఇది ముక్కు కాదు అన్నయ్యా. పళ్ళు."

నేను పిల్లనే చూస్తున్నాను. అతని మొహం చూడలేదు.

లేచి వంటింట్లో అటకల మీద సామాను మొత్తం దించాడు. నావి, తనవి. నా డబ్బాల మూతలు గట్టివి. అతని గోధుమపిండి గోనెకు అడుగున చిల్లు. చుట్టూ మిరియాలు. నేల మీద చతికిలపడి ఆ గోనెను ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నా సామానుతోనే వచ్చింది" అన్నాడు. "పోయిన నెల తెచ్చుకున్నానే, అందులో. హడావిడిలో సరిగా చూడలేదేమో. ఊళ్ళో అందర్నీ ఆపి సోదా చేసే మొనగాణ్ణి, నా మూటే చూసుకోలేకపోయాను."

ఏడ్చాడు. మగవాడు అలా ఏడవడం నేను చూడలేదు. భుజం మీద చెయ్యి వేసి, "ఊరుకో, ఊరుకో" అన్నాను. ఆ చెయ్యి నాదేనా అని చూసుకున్నాను.

అలా అనుకున్నది అతను. నేను అనిపించలేదు.

మే 4

లైట్‌హౌస్ మెట్లెక్కి ఆఫీసుకు తనే ఫోను చేసి చెప్పేశాడు. నా పొరపాటు, నా సామానుతో ఎలుక వచ్చింది, మనుషుల్ని పంపండి అని.

అతను దిగాక నేనెక్కాను. ఫోనులో మరదలి ఏడుపు వెనకనుంచి వినిపిస్తోంది.

"ఉద్యోగం పోతుందంటోంది చెల్లి" అంది మా ఆవిడ. "ఏమండీ, మీకేమైనా తెలుసా దీని గురించి?"

"నాకేం తెలుస్తుంది?"

"ఊరికే అడిగాను. ఆయన సామాను చూసుకోకుండా ఉండే మనిషి కాదు కదా అని."

మే 6

ఇక పోస్టు నాదే. అనుకున్నది అనుకున్నట్టు అయింది. టీ చప్పగా ఉంది, రెండుసార్లు పారబోసి పెట్టుకున్నాను.

మే 9

వివరంగా రాసుకోవాలి. ఏం జరిగిందో నాకే సరిగా అర్థం కావడం లేదు.

మేడమ్ వచ్చింది, వెంట ఎలుకల మందు పెట్టేవాడు ఒకడు. రేవు మెట్ల మీదే పిట్టలదొర ఎదురెళ్ళి, చేతులు కట్టుకుని, మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. తప్పంతా తనదే అన్నాడు. ఎవరి మీదా తొయ్యలేదు. ఏ శిక్ష వేసినా సరే, ఎలుకలు పోయేదాకా మాత్రం నన్ను ఇక్కడ ఉండనివ్వండి, జీతం లేకపోయినా ఫరవాలేదు అన్నాడు.

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అంది: "నా సర్వీసులో తప్పు దాచినవాళ్ళనే చూశాను. తనంతట తాను ఒప్పుకున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. ఉద్యోగం తీసేస్తే ఇలాంటి మనిషిని మళ్ళీ ఎక్కణ్ణుంచి తేను? నీలాంటివాడే ఈ దీవికి కావాలి."

పడవావిడ తల ఊపింది. మందువాడు తల ఊపాడు. అందరి కళ్ళూ అతని మీదే, దేవుణ్ణి చూసినట్టు. అతను తల దించుకుని నిలబడ్డాడు, ఆ వినయంతో.

నాకు లోపల ఏదో తెగింది. నేను చచ్చీచెడీ దాచుకున్నది, కూడు సహించకుండా మోసింది, దానికి కూడా మెప్పు అతనికేనా! నా ఎలుక అది!

"ఆ ఎలుకను తెచ్చింది నేను" అన్నాను. గొంతు ఎంత పెద్దగా వచ్చిందంటే రాళ్ళ మీది పిట్టలు లేచాయి. "ఈయన గోనె కాదు, పాడూ కాదు. నా పెట్టెల్లో వచ్చింది. రేకు గదిలో విప్పలేదు. ఒకదాన్ని నేనే పట్టి చంపాను కూడా. ఈయనకు ఎలుక ఎట్లా ఉంటుందో కూడా తెలియదు."

పశ్చాత్తాపం కాదు. ఇక్కడైనా నిజం రాసుకోవాలి. ఆ క్షణాన అతని మీద ఎంత కోపం వచ్చిందో అంత కోపం జీవితంలో ఎప్పుడూ రాలేదు.

"అందుకా బోను!" అంది పడవావిడ.

పిట్టలదొర నా వైపు తిరిగాడు. "పెట్టెలు ఎప్పుడొచ్చాయి? మార్చిలో కదా?"

"అవును."

"చంపింది ఎప్పుడు?"

"ఏప్రిల్ మొదట్లో."

వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "అప్పటికి ఒక్క గుడ్డు కూడా పెట్టలేదు" అన్నాడు. నాతో కాదు, తనలో తను. "ఒక్కటి కూడా."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండును అని కాచుకుని నిలబడ్డాను. పక్కనుంచి మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

మే 10

లైట్‌హౌస్ మెట్లెక్కి మా ఆవిడకు అంతా చెప్పాను. విని అంది: "ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నవాళ్ళ గురించి విన్నాను. మనిషి మీద కోపంతో ఎలుకను పెంచినవాళ్ళు మాత్రం మీరొక్కరే."

"చెప్పాను కదా చివరికి."

"ఎందుకు చెప్పారో కూడా చెల్లికి చెప్పాలా?"

పెట్టేసింది.

మే 13

ఆఫీసు నిర్ణయం మందువాడు మోసుకొచ్చాడు. ఎలుక లేదని తేలేదాకా దీవి మూత. రెండేళ్ళు పట్టవచ్చు. చూడ్డానికి జనం రారు కాబట్టి జైలు చూపించేవాడూ అక్కర్లేదు. జూన్ దాకా మాత్రం నేను ఉండాలి. జైల్లో ఏ తూము ఎక్కడికి పోతుందో, ఏ గోడ వెనక సందు ఉందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. మందు పెట్టే పనిలో పిట్టలదొర చెప్పినట్టు చెయ్యాలి.

అతని కింద పని. సరే.

మే 21

మాట్లాడడు. వేలు చూపిస్తాడు. ఇక్కడ తవ్వాలి. అక్కడ మూత పెట్టాలి. అన్నం తన గదిలో తింటున్నాడు. వంటింట్లో నేనొక్కణ్ణే. ఎప్పుడూ ఇదే కోరుకున్నాను కదా, వంటిల్లు నాకొక్కడికే కావాలని.

మే 27

ఉత్తరపు చరియకు మందు మొయ్యడానికి మొదటిసారి నన్ను తీసుకెళ్ళాడు. ఇన్నేళ్ళలో మేడమ్ వెంట ఒక్కసారి తప్ప నేను అక్కడిదాకా పోలేదు, రెట్ట కంపని. కింద సముద్రం, పైన గోల ఉంటుందనుకున్నాను. గోల లేదు. బొరియల ముందు అక్కడొకటి ఇక్కడొకటి పిట్ట కూర్చుని ఉంది. గుడ్డు లేదు, పిల్ల లేదు, ఊరికే కూర్చుంది.

"ఇవెందుకు ఇంకా ఉన్నాయి?" అని అడిగాను.

ఒకప్పుడు అడక్కుండానే అన్నీ చెప్పే మనిషి. రాయి మీద మందు సంచి దించి ముందుకు వెళ్ళిపోయాడు.

జూన్ 5

చచ్చినవి దొరుకుతున్నాయి. తూముల్లో, గోడ సందుల్లో. తోక పట్టి సంచిలో వేస్తాం. మూడో నంబరు గదిలో రెండు. ఇక్కడ నిలబడి ఎన్ని కథలు చెప్పానో.

"క్షమించమని అడగాలనుకుంటున్నాను" అన్నాను, సంచి మూతి పట్టుకుని.

సంచిలో ఎలుకను వేసి, చేతులు దులుపుకుని, తూములోకి టార్చి వేశాడు.

జూన్ 14

రేపు నా పడవ.

ఈ రోజు ఆఖరి వరుస గదులు చూశాం. తొమ్మిదో గదిలో రాతి పలక ఎత్తితే కింద ఒకటి బతికి ఉంది. మందు తిన్నదే, కాళ్ళు పడిపోయాయి, పారిపోలేక మా ఇద్దరి వైపూ చూస్తోంది. చిన్నది. ఈ దీవి మీదే పుట్టి ఉంటుంది.

కర్ర అతని చేతిలో ఉంది. ఎత్తాడు. ఎత్తి అలాగే ఉండిపోయాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ దించాడు. అతనికి చేతులు రావడం లేదు. అన్ని పిల్లలను తిన్నవాటి మీద కూడా చేతులు రావడం లేదు.

కర్ర నా వైపు చాచాడు. నెలరోజుల తర్వాత మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు.

"నువ్వు కొట్టు" అన్నాడు. "నీకు చేతనవుతుంది."

పెళ్ళిపందిట్లో మొదటిసారి చూసిన దగ్గరనుంచి నన్ను అతను ఎప్పుడూ నువ్వు అనలేదు.

కర్ర తీసుకున్నాను. కొట్టాను. ఇంకా కదులుతుంటే మళ్ళీ కొట్టాను. పూర్తయ్యేదాకా అతను అక్కడే నిలబడి చూశాడు. తర్వాత వంగి, తోక పట్టుకుని దాన్ని సంచిలో వేసి, మూతి ముడి వేశాడు.

"పదో గది" అన్నాడు.

తాళంచెవి తీసి ముందు నడిచాను.